ఆకుపచ్చ నరం గుర్తుంది, పేరే గుర్తు రాలేదు

మహారాజశ్రీ లెర్నింగ్ స్టైల్ ప్రశ్నాపత్రం గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. మీరు మాత్రం దివ్యంగా ఉన్నారని నిన్న సెమినార్ హాల్లో కళ్లారా చూశాను.

మూడు గంటలండీ! అదీ అనాటమీ ఇంటర్నల్స్‌కి ముందురోజు. ఒక్కొక్కరూ ఒక్కో తీరులో నేర్చుకుంటారట, ఆ తీరేదో తేల్చడానికి మొత్తం పదహారు ప్రశ్నలు. ఎవరైనా దారి అడిగితే బొమ్మ గీసిస్తావా, నోటితో చెబుతావా, రాసిస్తావా, వెంట నడిచి చూపిస్తావా? అడిగింది ఎవరో, నాకు ఎంత తీరికుందో తెలియకుండా ఏం చెప్పను? ఏదో ఒకటి టిక్కు పెట్టాను. నేను కైనెస్థెటిక్‌నట, అంటే చేతులతో చేసి నేర్చుకునే రకం. భుజానికి స్టిక్కర్ కూడా అంటించారు.

మరి పోయినేడాది నన్ను విజువల్, అంటే కళ్లతో చూసి నేర్చుకునే రకం, అన్నది తమరే కదా?

ఆ మాట నమ్మి ఇరవై నాలుగు స్కెచ్ పెన్నులు కొన్నాను. బ్రాకియల్ ప్లెక్సస్, అంటే మెడ దగ్గరి నరాల అల్లిక, నుంచి చేతిలోకి దిగే ఐదు నరాలకు ఐదు రంగులు వేశాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఫ్రెండ్స్ ఫొటోలు తీసుకున్నారు, అంత అందంగా వచ్చింది. పరీక్షలో ఒకే ఒక్క ప్రశ్న: మణికట్టు వేలాడిపోతే దెబ్బతిన్నది ఏ నరం? అది ఆకుపచ్చ. పేజీలో ఏ మూల ఉందో, ఎక్కడ రంగు గీత దాటిందో కూడా కళ్లకు కట్టింది. పేరు మాత్రం రాలేదు. ఆకుపచ్చ నరం అని రాస్తే మార్కులు వెయ్యరండీ.

1987లో న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ అనే విద్యావేత్త మీలో ఒకరికి ప్రాణం పోశారు. తప్పు ఆయన ఒక్కరిదే అనను, మీ వంశం పెద్దది. 2004లో కొందరు పరిశోధకులు లెక్కపెడితే డెబ్బై ఒక్క రకాల స్టైల్ మోడళ్లు తేలాయి. కులగోత్రాలు కూడా ఇన్ని ఉండవేమో.

అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో నాలాంటి అనాటమీ విద్యార్థుల మీదే 2018లో ఒక అధ్యయనం వచ్చింది. మూడింట రెండొంతుల మంది తమ స్టైల్ ప్రకారం అసలు చదవనే లేదు. చదివినవాళ్లకైనా మార్కులేమీ ఎక్కువ రాలేదు. నాకేం ఇష్టమో అడిగి, నేనేం చేస్తానో చెప్పేద్దామనుకున్నావు. నేనెలా చదువుతానో నిర్ణయించేది టైమ్‌టేబుల్! నెల ఉంటే రంగులు, వారం ఉంటే నోట్సు, ఒక్క రాత్రే ఉంటే పాత ప్రశ్నపత్రాలు. ఇంత చిన్న సంగతి నీ పదహారు ప్రశ్నల్లో ఒక్కదానికీ తట్టలేదా?

గారు అనడం మానేశాను, గమనించావా? పోనీలే.

రేడియల్. రేడియల్ నర్వ్. పరీక్ష అయ్యాక కారిడార్‌లో ఒక సీనియర్ అదే ప్రశ్న అడిగి, నేను నోరు తెరిచి నిలబడితే నవ్వి, చెప్పి వెళ్లింది. ఆ సిగ్గుతో ఎక్కిన పేరు ఇవాళ్టికీ దిగలేదు. ఆ సిగ్గు ఏ స్టైల్ కిందికి వస్తుంది? మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంటుందనీ, తమను తాము పరీక్షించుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందనీ రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు 2006లోనే చూపించారు. ఆ ముక్క చెప్పడానికి మూడు గంటలెందుకు, మూడు నిమిషాలు చాలు. సెమినార్ మాత్రం జరగదు, స్టిక్కర్లు అంటించడానికి వీలుండదు కాబట్టి.

అయినా ఆ స్కెచ్ పెన్నులు పారెయ్యలేదు. రంగులు వేస్తుంటే హాయిగా ఉంటుంది, అది నిజం.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మీ కాగితం వెనకవైపు ఖాళీగా ఉంది. రాత్రి పుస్తకం మూసేసి ఐదు నరాల పేర్లూ దానిమీదే రాయబోయాను. నాలుగే వచ్చాయి. లైటార్పకుండా ఐదోది వెతుక్కున్నాను.

ఇట్లు,
మొన్నటిదాకా విజువల్,
నిన్నటి నుంచి కైనెస్థెటిక్