అద్దెకు నూట పదహార్లు

పిల్లవాడికి పంచెలు కట్టిస్తే చదివింపులు. ఆడపిల్లకు ఓణీలు వేయిస్తే చదివింపులు. పెళ్లికి సరేసరి. అన్నిటికంటే విచిత్రం గృహప్రవేశం. సొంత ఇల్లు కట్టుకోగలిగిన స్తోమత ఉన్నవాడికి మనమంతా వరుసలో నిలబడి కవర్లు ఇచ్చి వస్తాము. ఆ ఇంట్లోనే పై వాటాలో అద్దెకు దిగినవాడికి మాత్రం ఐదో తారీఖున ఎవరూ పదహారు రూపాయలు కూడా చదివించరు. ఇల్లు ఉన్నవాడికి విరాళం, లేనివాడికి గడువు. ఈ లోపాన్ని సవరించడానికి నెల్లూరు పట్టణంలో అద్దె విందులను తక్షణం ప్రవేశపెట్టాలని ప్రతిపాదిస్తున్నాను.

దీనికి పూర్వ ప్రమాణం లేకపోలేదు. 1920లలో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నల్లజాతివారు చేసి చూపించినదే. దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారికి ఊళ్లో మిగతాచోట్ల ఇల్లు ఇచ్చేవారు కాదు. ఉండనిచ్చిన చోట అద్దె దండిగా గుంజేవారు. వాళ్లు శనివారం రాత్రి సామాను ఒక మూలకు జరిపి, పియానో వాయించేవాడిని కూర్చోబెట్టి, గుమ్మం దగ్గర పావు డాలరు చొప్పున వసూలు చేసి, చేపల వేపుడు అమ్మి, తెల్లవారేసరికి అద్దె పోగుచేసుకునేవారు. ఫ్యాట్స్ వాలర్ అంతటి విద్వాంసుడు ఈ విందుల్లో వాయించాడు. ప్రాసలతో అచ్చువేసిన ఆహ్వాన పత్రాలను లాంగ్‌స్టన్ హ్యూస్ అనే కవి దాచిపెట్టుకున్నాడు.

అక్కడ రంగు చూసి ఇల్లు లేదనేవారు. మనం నాగరికులం, ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఆ ఊళ్లో ఏ వీధి అని అడిగి, చివరికి ‘మా తమ్ముడు వస్తానంటున్నాడండీ’ అంటాము.

అమలులో చిన్నచిన్న చిక్కులు లేకపోలేదు. హార్లెమ్ విందుల్లో దొంగసారా పారేది, అప్పుడక్కడ మద్యనిషేధం. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట ఉన్న జిల్లాలో ఆ మాట తలచుకోవడానికి కూడా మనసొప్పదు. పొదలకూరు నిమ్మకాయల రసం పోద్దాము. వంట సంగతికి వస్తే, నెల్లూరులో చేపల పులుసు లేకుండా విందంటే ఎవరూ మెట్లెక్కరు. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు మర్నాటికే రుచి కనుక, మొదటి రోజు టిక్కెట్టు ఒక ధర, రెండో రోజుది ఇంకో ధర పెట్టవచ్చు. అయితే గేటుకు ‘శాకాహారులకు మాత్రమే’ అనే బోర్డు వేలాడుతున్న ఇంట్లో, ఆ ఇంటి అద్దె కోసమే చేపలు వండవచ్చునా అన్నది ధర్మసూక్ష్మం. వాసన కింది వాటాకు దిగుతుంది, రూపాయలూ కింది వాటాకే దిగుతాయి. రెండోది దిగితే మొదటిది అంతగా రాదని నా అంచనా.

పియానో మనకు అక్కరలేదు. చదివింపులు రాసే పెద్దమనిషి, పక్కన మైకు ఉంటే చాలు. ‘వేదాయపాళెం బాబాయిగారు అయిదు వందల పదహార్లు’ అని మోగగానే మూలాపేట మామయ్య చెయ్యి తనంతట తానే వెయ్యి నూట పదహార్లకు జేబులోకి వెళుతుంది. హార్లెమ్‌లో ఎవరు పావు డాలరు ఇచ్చారో మైకులో చదవలేదు. అందుకే వాళ్ల పావు డాలరు పావు డాలరుగానే ఉండిపోయింది.

అసలు చిక్కు వేరే ఉంది. మనం సామాను మూలకు జరిపి ఊరుకునే జాతి కాదు. అద్దె 8,000 అనుకుందాము. ముందు ఫ్లెక్సీ కావాలి. అందులో అద్దెదారు దంపతులు, పైన వరుసగా నాయకుల ముఖాలు. మేడ మీద షామియానా, రంగుల దీపాలు. భోజనం మొలగొలుకుల బియ్యంతో వండకపోతే మేనత్త జీవితాంతం అంటుంది. వచ్చిన ఆడవాళ్లకు జాకెట్టు ముక్క, పోయేటప్పుడు మలై కాజా పొట్లం. లెక్క తేలేసరికి 8,000 కోసం చేసిన విందుకు 40,000 అప్పు. ఆ అప్పు తీర్చడానికి మరో విందు చేయవచ్చు. మన ఆర్థిక వ్యవస్థకు కదలిక అలాగే వస్తుంది. చదివింపుల పుస్తకం కూడా ఊరికే ఉండదు. ఎవరు ఎంత రాశారో చూసి వాళ్ల ఇంటి శుభకార్యానికి అంతకు పైన ఇంకొంత కలిపి తిరిగి రాయాలి. దీనిని వడ్డీ అనకూడదు, మర్యాద అనాలి.

మొహర్రంకు మన రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో దిగి, కోరుకున్న కోరికకు రొట్టె పుచ్చుకుంటే సరిపోదా అని కొందరు అడగవచ్చు. అక్కడ ఉద్యోగం రొట్టె ఉంది, పెళ్లి రొట్టె ఉంది, సొంతింటి రొట్టె కూడా ఉంది. అద్దె పెరగకూడదనే రొట్టె ఉన్నట్టు నేను వినలేదు.

ఇంటి యజమానిని మాత్రం ముఖ్య అతిథిగా పిలవక తప్పదు. శాలువా కప్పాలి. ఆయన నూట పదహార్లు చదివించి, రెండుసార్లు పులుసు వడ్డించుకుని, వచ్చిన జనాన్ని, వెలిగిన దీపాలను తేరిపార చూసి, ‘మీరు ఇంత బాగున్నారని నాకు తెలియదే’ అంటారు. వచ్చే నెల నుంచి 9,500. ట్యాంకులో నీళ్లు అయిపోయినందుకు, మెట్లు అరిగినందుకు వేరే. ఆ తరువాతి వారమే పసుపు అంచుల కార్డు పట్టుకుని దంపతులిద్దరూ మన వాటాకు వస్తారు, బొట్టు పెట్టి మరీ పిలుస్తారు. వారి గృహరుణం వాయిదా కట్టే శుభసందర్భం. పుస్తకంలో ఆయన పేరు ఎదుట నూట పదహార్లు రాసి ఉంది కనుక, మనం అయిదు వందల పదహార్లకు తగ్గితే బాగుండదు.