ప్రాజెక్టు పని దుకాణంలో దొరకదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ప్రాజెక్టు అనగానే పెద్దలకు స్ఫురించేవి నాగార్జునసాగర్, జూరాల, శ్రీశైలం ఎడమగట్టు కాలువ. వారి పిల్లలకు అదే మాట వినగానే గుర్తొచ్చేవి థర్మోకోల్ షీటు, చమ్కీ కాగితం, జిరాక్సు సెంటర్లో ప్రింటు తీయించిన నాలుగు బొమ్మలు. బడిలో ఏడాది మధ్యలో మార్కులు వేసే నిర్మాణాత్మక మూల్యాంకనం గడువు దగ్గరపడిన ఒక సాయంత్రం నల్లగొండలోని ఒక స్టేషనరీ దుకాణంలో నిలబడి ఉండగా, కూలిపని ముగించుకొని వచ్చిన ఒక తండ్రి మూడో తరగతి చదివే తన బిడ్డ కోసం నీటి చక్రం నమూనా అడిగి కొనుక్కొని, అది నలగకుండా రెండు చేతులతో పట్టుకొని వెళ్లడం చూశాను. ఆ పాపకు ప్రాజెక్టు మార్కులు వచ్చే ఉంటాయి. నీటి గురించి ఆమె కొత్తగా తెలుసుకున్నది మాత్రం ఏమీ ఉండదు. ఆ తండ్రి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు; బడి ఏమి అడిగిందో అదే ఆయన తెచ్చి ఇచ్చాడు.

విధాన పత్రాలకు కొరత లేదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2022లో ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది, అదే ఏడాది మన తెలంగాణలో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. ప్రాజెక్టు పని అంతకు చాలా ముందు నుంచే నిర్మాణాత్మక మూల్యాంకనంలో ఒక భాగంగా, లఘు పరీక్ష సరసన ఉంది. అయినా అది మార్కుల గడిగానే మిగిలిపోయింది. పెద్ద తరగతుల్లో సైన్సు ప్రదర్శన కోసం చేసే అదనపు అలంకారంగా దీనిని చూడడం మానుకోవాలని, ప్రాజెక్టు పద్ధతికి అసలు చోటు అంగన్‌వాడీ నుంచి ఐదో తరగతి దాకా ఉన్న వయసేనని, దానికి కావలసిన సామగ్రి అంతా మన ఊళ్లలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పిల్లలకు నిజంగా కలిగిన ఒక ప్రశ్న, దాని వెంట కొన్ని రోజుల పాటు సాగే అన్వేషణ, చివరికి మరొకరికి పనికొచ్చే ఫలితం. ఈ మూడూ ఉంటేనే అది ప్రాజెక్టు. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగోలో మొదలుపెట్టిన బడిలో పిల్లలు వంట, నేత, వడ్రంగం చేస్తూ లెక్కలూ చరిత్రా నేర్చుకున్నారు. అమెరికాకే చెందిన కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిపై రాసిన వ్యాసం ఆ పేరును ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. మనకు ఇది పరాయి సరుకేమీ కాదు. 1937 వార్ధా సమావేశంలో గాంధీజీ చేతిపని కేంద్రంగా ఉండే విద్యను ప్రతిపాదించినప్పుడు, దానికి ప్రణాళిక తయారుచేసిన కమిటీకి అధ్యక్షత వహించిన, తర్వాత రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ హైదరాబాద్‌లో పుట్టినవారే.

మన పల్లెల్లో ఇది ఎలా ఉంటుందో వడ్ల కొనుగోలు కేంద్రం చూస్తే తెలుస్తుంది. కోతలైన తర్వాత వారాల తరబడి ఇంట్లో వినిపించే మాటలన్నీ తేమ, తాలు, తరుగు, కాంటా. నాలుగో తరగతి పిల్లవాడు ఆ మాటలు వింటూనే నిద్రపోతాడు, తెల్లవారి బడికి వెళ్లి పుస్తకంలో యాపిల్ పండ్ల ధరలతో గుణకారాలు, భాగహారాలు చేస్తాడు. తేమ 17 శాతానికి మించకూడదని, బస్తాకు 40 కిలోలు తూకం వేస్తారని అతనికి తెలుసు. అయితే ఆ తూకాల లెక్కా పాఠంలోని లెక్కా ఒకటేనని అతనికి ఎవరూ చెప్పలేదు. పది మంది పిల్లలను తీసుకొని టీచర్ ఒక పూట ఆ కేంద్రానికి వెళ్లి, గుప్పెడు వడ్లను తూచి, రెండు రోజులు ఎండలో ఆరబోసి మళ్లీ తూచి చూపితే, తేమ అంటే ఏమిటో ఆ పిల్లలు జీవితాంతం మరచిపోరు. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. బస్తాకు ఒక్క కిలో తరుగు తీస్తే వంద బస్తాలు అమ్మిన రైతు సరిగ్గా ఒక క్వింటాలు, అంటే 2,389 రూపాయలు పోగొట్టుకుంటాడు. ఈ లెక్కను సొంతంగా కట్టిన పిల్ల ఇంటికి వెళ్లి తండ్రికి చెప్పిన రోజున గణితం ఆ ఇంటి అవసరంగా మారుతుంది. ఆ పిల్ల రాసుకొచ్చిన పట్టికను ఊరివాళ్లు అడిగి చూసే పరిస్థితి వస్తే, అంతకు మించిన మూల్యాంకనం ఏముంటుంది?

ఇంకా చిన్నపిల్లలకు బతుకమ్మ చాలు. తంగేడు ఎక్కడ పూస్తుంది, గునుగు ఎక్కడ దొరుకుతుంది, కోసిన పువ్వుల్లో ఏది ముందు వాడిపోతుంది అనే మూడు ప్రశ్నలతో అంగన్‌వాడీ పిల్లలు ఒక వారమంతా లెక్కపెట్టవచ్చు, వేరుచేయవచ్చు, వరుసలు పేర్చవచ్చు, మాట్లాడవచ్చు. నల్లగొండ పక్కనున్న పానగల్లు పరిసరాల పిల్లలకైతే ఛాయా సోమేశ్వరాలయం ఉంది. బడి ఆవరణలో పాతిన కర్ర నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరుగుతూ ఉంటే, ఆ గర్భగుడిలో పడే స్తంభం నీడ పగలంతా కదలకుండా ఎలా నిలిచింది? అట్టపెట్టెకు కంతలు పెట్టి, లోపల పెన్సిళ్లు నిలిపి, వెలుతురు వచ్చే దారులు మార్చి చూస్తూ ఐదో తరగతి పిల్లలు పదిహేను రోజులు ఆ ప్రశ్నతో గడపవచ్చు. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని ఆఫ్రికా దేశాల నీటి ఇంజనీర్లు కూడా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుతోనే పిలుస్తారు. ఆ పేరు వెనుక ఉన్న కథ ఫ్లోరైడ్ పీడించిన మర్రిగూడ, మునుగోడు పిల్లలకు బడిలోనే అందాలి; తమ తాతల నడుములు ఎందుకు వంగాయన్న ప్రశ్న వారిది.

అక్షరాలే రాని పిల్లలకు ప్రాజెక్టులేమిటి, ఉన్న ఇద్దరు టీచర్లు పాఠం చెప్పాలా, ఊరు తిప్పాలా అని అడిగేవారున్నారు. కొత్తగా నేర్చుకునేవారిని వారి మానాన వదిలేస్తే నేర్చుకోలేరని పరిశోధకులు హెచ్చరించిన మాట కూడా నిజమే. చదవడం, రాయడం రోజూ క్రమం తప్పకుండా నేర్పవలసిందే. అయితే మంచి ప్రాజెక్టులో టీచర్ పని తగ్గదు, పెరుగుతుంది; ఏ ప్రశ్నను పట్టుకోవాలో, ఎక్కడ ఆపి పాఠం చెప్పాలో నిర్ణయించేది టీచరే. తాను కోసిన పువ్వు పేరు రాయాలనుకునే బిడ్డకు అక్షరంతో అవసరం పడుతుంది, అవసరం పడిన అక్షరం తొందరగా వస్తుంది.

ఇద్దరు టీచర్ల మాట దగ్గరే నేను ఆగాలనుకుంటున్నాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. అంటే ఐదు తరగతులను ఇద్దరు నడపడం చట్టమే అంగీకరించిన ఏర్పాటు. దేవరకొండ, అచ్చంపేట తండాల్లోని బడులను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. తరగతికొక పాఠం చెప్పాలనుకుంటే ఆ బడి ఓడిపోయినట్టే కనిపిస్తుంది: ఒక తరగతి వింటుంటే మరో రెండు ఖాళీగా కూర్చోవాలి. ఆ బడినే ప్రాజెక్టు వైపు నుంచి చూడండి. ఊరి కుంట మీద పని మొదలైతే ఒకటో తరగతి పిల్లలు కట్ట మీది చెట్ల ఆకులు ఏరుకొచ్చి బొమ్మలు గీస్తారు, మూడో తరగతివారు తూము, అలుగు గురించి ముసలివారిని అడిగి రాస్తారు, ఐదో తరగతివారు తాడుతో కట్ట పొడవు కొలిచి పటం గీస్తారు. పెద్దపిల్ల చిన్నవాడికి చెబుతూ తానూ నేర్చుకుంటుంది. ఒకే గదిలో ఐదు వయసులుండడం లోపమని ఇన్నాళ్లూ అనుకున్నాం. లక్షల ఫీజులు తీసుకునే నగరపు బడుల్లో కొన్ని వయసులు కలిపిన తరగతులను గొప్పగా ప్రకటించుకుంటుండగా, అదే అమరిక సహజంగా ఉన్న తండా బడిని పిల్లలు తక్కువన్న పేరుతో మూసేయడం కంటే పెద్ద పొరపాటు లేదు.

ఈ పొరపాటు వెనుక ఇంకా లోతైన చిన్నచూపు ఉంది. చేతితో పనిచేసేవారి దగ్గర జ్ఞానం ఉంటుందని మన చదువు ఏనాడూ ఒప్పుకోలేదు. దేశంలో ఆనకట్టలు, కాలువలు, భవనాలు కట్టడానికి పాలమూరు లేబర్ తరతరాలుగా వలస వెళ్లింది. మట్టి తీరు, రాయి బరువు, నీటి వాలు తెలిసిన ఆ తల్లిదండ్రులను బడి ఒక్కసారి కూడా లోపలికి పిలిచి అడగలేదు. ఉమ్మడి నల్లగొండకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానుకున్నారు. పోచంపల్లి చీర కోసం ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ, వేల సార్లు చేయి ఆడించే తల్లి భుజం నొప్పి చూడలేక, 1992 నుంచి ఏళ్ల తరబడి విఫలమవుతూ, సరిచేసుకుంటూ 1999 నాటికి ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. ఆ యంత్రానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నిజమైన ప్రశ్న, ఓపికైన అన్వేషణ, మరొకరికి పనికొచ్చే ఫలితం: ప్రాజెక్టుకు ఇంతకంటే పూర్తి ఉదాహరణ నాకు తెలియదు. ఆ ప్రశ్నను ఆయనకిచ్చింది ఇల్లు. మగ్గం నడిచే వీధిలోని బడులు కూడా నేటికీ మగ్గాన్ని పాఠంగా చూడడం లేదు.

కనుక విద్యాశాఖ ఐదో తరగతి వరకు ప్రాజెక్టు పనిని మార్కుల నుంచి విడదీయాలి. దుకాణంలో కొన్న నమూనాలను స్వీకరించవద్దని రాతపూర్వకంగా చెప్పాలి. ఏడాదికి రెండే ప్రాజెక్టులు, ఒక్కోదానికి మూడు వారాలు, బడి మొత్తానికి ఒకే అంశం, వారానికొక రోజు ఊరి నుంచి పని తెలిసిన మనిషి వచ్చి పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్సు సమావేశాల్లో రికార్డుల తనిఖీకి పోయే సమయంలో సగం, పక్క ఊరి బడి ఏ ప్రశ్న పట్టుకుందో వినడానికి కేటాయించాలి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. వానాకాలం వడ్లు కేంద్రాలకు చేరే నాటికి ఒక చిన్న కాంటా, ఒక తాడు, పిల్లవాడికొక నోటుపుస్తకం సిద్ధంగా ఉంటే మొదటి ప్రాజెక్టు మొదలుపెట్టవచ్చు.