అట్ట మీద పేరుతో మళ్లీ అచ్చు కావాలి

పోయిన డిసెంబరులో హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల మీద పడ్డాను. ఇంజినీరింగు గైడ్ల అడుగున ఒక బైండు కనిపించింది. ఎవరో పుణ్యాత్ములు చందమామల్లోంచి 'రాకాసిలోయ' సీరియల్ పేజీలు నెలనెలా చించి, దారంతో కుట్టి, ఖాకీ అట్ట వేసుకున్నారు. మూడు వందలన్నాడు. బేరమాడలేదు. నా మొహం చూశాకే ఆ రేటు చెప్పి ఉంటాడని మా ఆవిడ అనుమానం.

న్యూజెర్సీ తిరిగొచ్చాక రోజూ రాత్రి మా పదేళ్ల అమ్మాయికి చదివి వినిపించాను. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అందులోని బ్రహ్మదండి మాంత్రికుడి పేరు తెగ నచ్చింది. స్కూల్లో ఎవరికో ఆ పేరు పెట్టేసిందని కూడా తెలిసింది. తీరా చూస్తే బైండులో చివరి పేజీలు లేవు. విజయవాడలో ఉన్న బాబాయికి ఫోన్ చేస్తే ఒక ముగింపు చెప్పాడు. మా పెద్దక్క ఇంకొకటి చెప్పింది, ఒట్టేసి మరీ. పాత సంచికల స్కాన్లు వెతికి చూస్తే ఇద్దరిదీ తప్పే.

ఇలాంటి చందమామ సీరియళ్లు మళ్లీ పుస్తకాలుగా వేయిద్దామంటే, "స్కాన్లు ఉన్నాయిగా, మళ్లీ అచ్చెందుకు?" అని మన తెలుగు సంఘం కమిటీ మిత్రులే అడిగారు. మసకబారిన పేజీని ఫోన్‌లో వేళ్లతో సాగదీసుకుంటూ, చందమామ చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మ ఒకసారి తల, ఒకసారి కాళ్లు చూపిస్తూ, పిల్లని నిద్రపుచ్చి చూడమనండి.

అంతకంటే నన్ను పీకుతున్న విషయం ఇంకొకటుంది. చందమామలో 1954లో 'తోకచుక్క'తో మొదలై, 'రాకాసిలోయ'తో సహా వచ్చిన పన్నెండు జానపద సీరియళ్లూ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. 'తోకచుక్క'లోని సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు మన ఇళ్లలో మనుషుల్లా తిరిగారు. ఆయన పేరు మాత్రం సీరియల్ మీద ఎక్కడా ఉండేది కాదు, అప్పట్లో పత్రిక పద్ధతి అది. ఇన్ని మంత్రాలూ మాయలూ రాసిన మనిషి హేతువాది. ఇది తెలిసినప్పుడు నేను ఒక్కణ్నే కూర్చుని నవ్వుకున్నాను. 2010లో పోయారు.

కొన్ని సీరియళ్లు పుస్తకాలుగా రాకపోలేదు. అభిమానులు పూనుకుంటే, చిన్న ప్రచురణకర్తలు ధైర్యం చేసి వేశారు. నేను అడిగినప్పుడు మాత్రం కాపీలు అయిపోయాయనే అన్నారు. హక్కుల టెన్షన్ అందరికీ ఉంది. పత్రిక చేతులు మారింది, ఆగిపోయి పదేళ్లు దాటింది, మరి ఎవరినడగాలి? నేను లాయర్ని కాను గానీ, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చదివితే కాస్త ధైర్యం వస్తుంది. ఉద్యోగిగా పత్రిక కోసం రాసినదానిపై, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో వేసుకునే హక్కే యజమానిది. మిగతా హక్కులు రచయితవి, ఆయన తరవాత వారసులవి. బొమ్మలకూ అదే సూత్రం. అంటే మొదట తట్టాల్సింది మూతపడ్డ ఆఫీసు తలుపు కాదు, ఆ కుటుంబాల తలుపు.

ఇక డబ్బు. ఐదు వందల కాపీలు అమ్మడానికి రెండేళ్లు పడుతుందని ఒక ప్రచురణకర్త నాతో అన్నారు. మన సంఘం మహాసభల్లో ఒక్క రాత్రి స్టేజీ లైటింగు ఖర్చు ఎంతో కోశాధికారిగారికి తెలుసు, నన్ను చెప్పించకండి. అందులో కొంత పక్కన పెట్టి, ముందే డబ్బు కట్టి మూడు వందల కాపీలు ఆర్డరిద్దాం. అచ్చేసేవాళ్లకు మనం పెట్టే షరతులు రెండే: బొమ్మలన్నీ ఉండాలి, అట్ట మీద రచయిత పేరు, చిత్రకారుడి పేరు పెద్దగా ఉండాలి.

సంక్రాంతి మీటింగులో ఈ మాట ఎత్తబోతున్నాను. ఈలోగా మా అమ్మాయి "మళ్లీ మొదట్నుంచి" అంటోంది. బైండు దారం అప్పుడే ఊడుతోంది.