సవరణ: ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌లో అతుకు బలం గురించి

ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అంటే తిరిగే టూల్‌ని రెండు ప్లేట్ల అంచుల మధ్య నొక్కి, రాపిడి వేడికి మెత్తబడ్డ లోహాన్ని కలియబెట్టి అతికించడం. పోయిన పోస్టులో "ఈ పద్ధతిలో అల్యూమినియం కరగదు కాబట్టి ప్లేటు బలం తగ్గదు" అని ఉంది. మొదటి సగం నిజమే. రెండో సగం అన్ని మిశ్రమాలకూ వర్తించదు, దయచేసి సవరించి చదవండి.

కరగకపోయినా లోహం 400 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. 6061-టీ6 అనే అల్యూమినియం మిశ్రమానికి ఆ గట్టితనం వచ్చేదే హీట్ ట్రీట్‌మెంట్ వల్ల. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన మెత్తబడుతుంది, లాగి చూస్తే చాలాసార్లు తెగేది అక్కడే. పడవలకు వాడే 5083 మిశ్రమం ఆనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరిచిన) స్థితిలో ఉంటే ఈ బెంగ దాదాపు లేదు. కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు అల్యూమినియం పడవల పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం.

ఒంగోలు నుంచి ఒక డిప్లొమా విద్యార్థి డ్రిల్లింగ్ మెషీన్‌తో ఈ వెల్డింగ్ చేయొచ్చా అని అడిగారు. వద్దు. తిరిగే టూల్‌ని వందల కిలోల బరువుతో నొక్కిపెట్టి పక్కకు నడపాలి, డ్రిల్లింగ్ మెషీన్ స్పిండిల్ (తిరిగే ఇరుసు) తట్టుకోదు. పల్చటి ప్లేట్లకు గట్టి మిల్లింగ్ మెషీన్ పనికొస్తుంది, కింద స్టీలు ప్లేటు, చుట్టూ క్లాంపులు తప్పనిసరి.

టూల్ కొసన ఉండి ప్లేటులోకి దిగే పిన్ను పొడవు దగ్గర మాత్రం అశ్రద్ధ వద్దు. 6 మిల్లీమీటర్ల ప్లేటుకు 5.8 దాకా ఉండాలి. పొట్టిదైతే పైన నున్నగా, వరసగా చక్రాల గుర్తులు పడి ముచ్చటగా కనిపిస్తుంది గానీ అడుగున అతుక్కోదు. ముక్క కోసి అడుగు భాగం బయటికి వచ్చేలా వంచితే సన్నటి గీత నోరు తెరుస్తుంది. ఎక్స్‌రేలో కూడా ఇది దొరక్కపోవచ్చు, బెండ్ టెస్ట్ మానకండి.