జిబూతీలో టు-లెట్ బోర్డు

ఇళ్ళు అద్దెకిచ్చే విద్యలో మనవాళ్ళే దిట్టలన్న అపోహ ఒకటుంది. మెట్ల కింది ఖాళీకి తలుపు బిగించి ‘సింగిల్ రూమ్’ అని బోర్డు పెట్టే హైదరాబాదు ఓనర్లను చూసి పుట్టిన అపోహ అది. అసలు ఓనరు తూర్పు ఆఫ్రికాలో, ఎర్రసముద్రం గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఊరి పేరు జిబూతీ. దేశం పేరూ అదే. పేరు పెట్టే శ్రమ కూడా వృథా చేయలేదు.

ముందు ఆస్తి వివరాలు. నది లేదు, చెప్పుకోదగ్గ పంట లేదు. ఏడాదికి వాన సుమారు 150 మిల్లీమీటర్లు. కరవు సీమ అని మనం కన్నీరు పెట్టే అనంతపురానికి అంతకు మూడింతలకు పైనే పడుతుంది. అయినా ఊరు మునుగుతుంది. 2019 నవంబరులో రెండేళ్ళ వాన ఒక్కరోజున కురిస్తే, ఎప్పుడూ ఇసుక తప్ప ఏమీ కనిపించని అంబులీ వాగుకు పాత దారి గుర్తొచ్చింది. ఆ దారిలో అప్పటికే ఇళ్ళున్నాయి. చెరువుల్లో కాలనీలు కట్టుకున్నవాళ్ళకు ఈ భాగం విడమరచి చెప్పనక్కర్లేదు.

మరి అద్దెకిచ్చేదేమిటి? అడ్రసు. హిందూ మహాసముద్రం నుంచి సూయజ్ కాలువకు పోయే ఓడలన్నీ దూరాల్సిన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి వెడల్పు 30 కిలోమీటర్లే. ఇక వెనకింట్లో ఇథియోపియా. పది కోట్లకు మించిన జనం, జానెడు తీరం లేదు. 1993లో ఎరిత్రియా వేరుపడుతూ తీరమంతా పట్టుకుపోయింది. 1998లో ఇద్దరికీ యుద్ధమొచ్చి అసబ్ రేవు దారి కూడా మూసుకుపోయింది. అప్పటినుంచి ఇథియోపియా సరుకులో నూటికి తొంభై వంతులు జిబూతీ రేవులోంచే. వెనకింటివాడు వీధిలోకి రావాలంటే మన పెరడే దిక్కయినప్పుడు, పెరట్లో కూరగాయలు వేసే మూర్ఖుడు ఎవడుంటాడు?

ఇక సైనిక స్థావరాలు పెట్టుకుని అద్దెకున్నవాళ్ళ సంగతి. ఫ్రాన్సు పాత ఓనరు. 1977లో ఇల్లు అప్పగించి, ముందు గదిలో అద్దెకుండిపోయింది. ఫ్రెంచివాళ్ళ పాత శిబిరం లెమోనియేలోకి అమెరికా దిగింది. 2014 ఒప్పందం ప్రకారం ఏడాదికి సుమారు 6.3 కోట్ల డాలర్లు. 2011లో జపాన్, తరవాత ఇటలీ, 2017లో చైనా. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఆ ఊరికి ఇంకా చేరినట్టు లేదు. 2018లో అమెరికా ఫిర్యాదు చేసింది: చైనావాళ్ళు మా పైలట్ల కళ్ళలోకి లేజరు కొడుతున్నారని. కొట్టలేదని చైనా. ఇలాంటి తగాదాల్లో అనుభవమున్న ఓనరు ఏం చేస్తాడో అందరికీ తెలుసు. ఇద్దరికీ టీ ఇచ్చి, నెల మొదటి తేదీ గుర్తుచేస్తాడు.

అలాగని మెతక మనిషి అనుకోవద్దు. 2006లో దుబాయికి చెందిన రేవుల కంపెనీ డీపీ వరల్డ్‌తో ఒప్పందం చేసుకుని, దొరాలే కంటైనర్ టెర్మినల్ కట్టించుకుని, 2018 ఫిబ్రవరిలో తాళం మార్చేశాడు. కంపెనీ లండన్ ఆర్బిట్రేషన్‌కు వెళ్ళింది. ఒప్పందం చెల్లుతుందని అక్కడ తీర్పొచ్చింది. తీర్పు లండన్లో ఉంది, తాళంచెవి జిబూతీలో ఉంది.

ఈ దర్జా మొత్తానికీ ఒక సబ్‌మీటరుంది, దాని వైరు వెనకింటికి పోతుంది. 2011 నుంచి కరెంటు చాలావరకు ఇథియోపియాదే. నగరం బోర్ల మీద బతికేది. తోడేకొద్దీ సముద్రపు నీరు లోపలికి చొరబడి ఉప్పెక్కింది. 2017లో గొట్టం వేసుకుని నీళ్ళూ ఇథియోపియానుంచే తెచ్చుకున్నారు. 2021లో రోజుకు 22,500 ఘనపు మీటర్ల నిర్లవణీకరణ (సముద్రపు నీటిలో ఉప్పు తీసే) కేంద్రం పెట్టారు కాబట్టి కొంత పరువు నిలిచింది. పెరటి దారికి సుంకం వసూలు చేస్తూ, ఆ సుంకం కట్టేవాడి గుమ్మంలోనే బిందె పట్టుకుని నిలబడటం అద్దె శాస్త్రంలో కొత్త అధ్యాయం.

రైలూ ఉమ్మడిదే. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాకు 750 కిలోమీటర్ల విద్యుత్ మార్గం, చాలావరకు చైనా అప్పు. లారీకి రెండు మూడు రోజులు పట్టే దూరం పన్నెండు గంటలకు తగ్గుతుందని ప్రకటించారు. ప్రయాణికుల స్టేషను మాత్రం ఊరి బయట నగాద్‌లో. ఇథియోపియా కొనేది కొండంత, అమ్మేది గోరంత గనక వెళ్ళేటప్పుడు నిండుగా వెళ్ళిన కంటైనర్లు చాలావరకు ఖాళీగా తిరిగొస్తాయి. ఖాళీ డబ్బాను మోసినా ఇంజను తిండి ఇంజనుదే.

ఆలస్యం లేకుండా వచ్చే సరుకు ఒక్కటే, హుషారు కోసం బుగ్గన పెట్టి నమిలే ఖాత్ ఆకు. అదీ వెనకింటిదే. కోసిన రెండు రోజుల్లో అందులో ఆ హుషారునిచ్చే కాథినోన్ విరిగిపోయి పస చస్తుంది. అందుకే తమలపాకు మోపుల్లా తడి ఆరకుండా చుట్టి, ఏ రోజు కోత ఆ రోజే తోలతారు. కంటైనరు పడిగాపులు కాయొచ్చు, ఖాత్ లారీ కాయదు. మధ్యాహ్నం అది ఊళ్ళోకి రాగానే కట్టలు చేతులు మారతాయి, బుగ్గలు ఉబ్బుతాయి, నగరం చాప మీద ఒరిగి దేశ విదేశీ వ్యవహారాలు చర్చిస్తుంది.

కాబట్టి స్థలం చూడదలచిన దేశాలు ఒంటిగంట లోపే రావాలి. ఆ తరవాత ఓనరు దొరకడు.