మీ బదులు నేను రాస్తా

ప్రజాప్రతినిధి అన్న మాట రోజుకు నూరుసార్లు వింటాం. దాన్ని తు.చ. తప్పకుండా ఆచరించిన మనిషి మాత్రం, నాకు తెలిసి, అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక్కడే ఉండేవాడు. ప్రతినిధి అంటే ఎవరు? మన బదులు వెళ్లి కూర్చునేవాడు. జేమ్స్ మైకేల్ కర్లీ అక్షరాలా అలాగే వెళ్లి కూర్చున్నాడు. ఆయన మనిషి ఒకడికి పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం కావాలి, సివిల్ సర్వీసు పరీక్షేమో గట్టెక్కేలా లేదు. ఇంకో నాయకుడైతే సిఫారసు ఉత్తరం రాసిచ్చి చేతులు దులుపుకునేవాడు. కర్లీ ఏకంగా పరీక్షే రాసిచ్చాడు.

శాలువా కప్పాల్సింది పోయి 60 రోజుల జైలు వేశారు. 1904లో చార్లెస్ స్ట్రీట్ జైల్లో ఉండగానే నగర ఆల్డర్‌మన్‌గా, అంటే నగర సభ సభ్యుడిగా, గెలిచాడు. తప్పు ఒప్పుకోవడానికీ ఓట్లడగడానికీ ఒకటే వాక్యం సరిపోయింది: ‘స్నేహితుడి కోసం చేశాడు.’ ఇంత పొదుపైన మేనిఫెస్టో నేనింకా చూడలేదు. అన్నట్టు, ఆ జైలు ఇప్పుడు ఖరీదైన హోటల్. అందులో బారు పేరు ‘ఎలిబై’, అంటే ‘నేరం జరిగినప్పుడు నేనక్కడ లేను’ అనే వాదన. అక్కడ ఒక్క రాత్రి పడుకోవడానికి జనం ఎదురు డబ్బిచ్చి గది బుక్ చేసుకుంటున్నారు. కర్లీకి రెండు నెలలు ఉచితం.

పుట్టింది 1874లో, బోస్టన్‌లోని రాక్స్‌బరీలో. తండ్రి ఐర్లండ్‌లోని గాల్వే నుంచి వచ్చిన కూలీ. కొడుక్కి పదేళ్లప్పుడు బరువైన రాయి ఎత్తబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు, పోయాడు. తల్లి నేలలు తుడిచి పిల్లల్ని సాకింది. ఊరి పెద్దలను అక్కడ ‘బోస్టన్ బ్రాహ్మలు’ అంటారు. జంధ్యాలూ మడీ వెతక్కండి. ఓడలు, మిల్లులు, హార్వర్డ్ పట్టాలు, ఇవే వాళ్ల గోత్రాలు.

కర్లీ మేయరయ్యాక, సిటీ హాల్లో మోకాళ్ల మీద కూర్చుని నేల రుద్దే ఆడవాళ్లకు పొడుగు కర్ర ఉన్న తుడుపుగుడ్డలు కొనిపించాడు. ఆడది మోకరిల్లాల్సింది దేవుడి ముందేనన్నాడు. ఈ ఒక్కచోట వ్యంగ్యానికి నాకు పట్టు దొరకడం లేదు, ముందుకు పోదాం.

మేయరు కుర్చీ ఎక్కడం నాలుగుసార్లు: 1914, 1922, 1930, 1946. మధ్యలో ఒకసారి మసాచూసెట్స్ గవర్నరు కూడా. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు, పెద్దల ఆస్తుల మీద పన్ను పెంచి పేదల పేటల్లో ఆసుపత్రి వార్డులు, ఆటస్థలాలు, సముద్రపు ఒడ్డున స్నానశాలలు కట్టించాడు. పన్ను మోయలేక కలిగినవాళ్లు శివార్లకు మూటాముల్లె సర్దుకుంటే, ఆయనకు పడని ఓట్లూ వాళ్లతోపాటే బండెక్కేవి. చాలా ఏళ్ల తర్వాత హార్వర్డ్ ఆర్థికవేత్తలు దీన్ని లెక్కలు కట్టి తేల్చి ‘కర్లీ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు. వార్డు కార్యకర్తకు తెలిసిన సంగతి హార్వర్డ్‌కు అందడానికి సమీకరణాలు కావాలి మరి.

బోస్టన్‌లోని జమైకావే వీధిలో ఇల్లు కట్టుకుని కిటికీ తలుపులకు ఐర్లండ్ గుర్తయిన షామ్రాక్ ఆకులు చెక్కించాడు. మేయరు జీతంతో ఆ ఇల్లెలా లేచిందని అడిగినవాళ్లున్నారు. చిల్లర ప్రశ్న. స్నేహితుల కోసం అన్ని పాట్లు పడ్డవాడికి స్నేహితులు ఓ ఇటుక కూడా అందివ్వరా? మరో వ్యవహారంలో 42,629 డాలర్లు నగరానికి తిరిగి కట్టమని తర్వాత కోర్టు తీర్పు చెప్పింది. స్నేహం విలువ సెంటు తేడా లేకుండా లెక్కగట్టిన తీర్పు అదొక్కటే కావచ్చు.

1932లో షికాగోలో, అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి డెమోక్రాట్ల మహాసభ. మసాచూసెట్స్ బృందం అల్ స్మిత్ వైపు, కర్లీ రూజ్‌వెల్ట్ వైపు. సొంత రాష్ట్రం చోటివ్వకపోతే ప్రతినిధి ప్రతినిధి కాకుండా పోతాడా? పోర్టోరికో బృందంలో ‘హైమే మిగెల్ కుర్లెయో’గా ప్రత్యక్షమయ్యాడు. గాల్వే రక్తం, బోస్టన్ ఓట్లు, కరీబియన్ పేరు.

ఇతరుల కుర్చీలు ఖాళీ చేయించడంలోనూ దిట్ట. 1913లో అప్పటి మేయరు జాన్ ఫిట్జెరాల్డ్ మళ్లీ పోటీకి దిగితే, కర్లీ ఒక ఉపన్యాసం ప్రకటించాడు: ‘చరిత్రలో మహా ప్రేమికులు: క్లియోపాత్రా నుంచి టూడిల్స్ దాకా’. క్లియోపాత్రాతో మేయరుగారికి ఏ పేచీ లేదు. టూడిల్స్ మాత్రం మేయరుగారి పేరుతో ముడిపెట్టి జనం గుసగుసలాడుకున్న అమ్మాయి. ఫిట్జెరాల్డ్ పోటీ నుంచి తప్పుకున్నాడు. ఆయన మనవడే 1946లో కర్లీ ఖాళీ చేసిన కాంగ్రెస్ సీటు గెలిచాడు. పేరు జాన్ కెనెడీ. మరుసటి ఏడాది జైల్లో ఉన్న కర్లీని వదిలిపెట్టమని తోటి సభ్యులు సంతకాలు చేస్తుంటే, ఈ కుర్రాడు మాత్రం కలం తీయలేదు. కొన్ని ఇళ్లల్లో తాతల బాకీలు అలా తీరతాయి.

అవును, మళ్లీ జైలే. 1947లో, మేయరుగా ఉండగానే, తపాలా ద్వారా మోసం చేశాడన్న కేసు. మొదటిసారి తపాలా ఉద్యోగం, రెండోసారి తపాలా మోసం. ఆ శాఖతో ఆయన జాతకం ఎప్పుడూ కుదరలేదు. ఐదు నెలల తర్వాత అధ్యక్షుడు ట్రూమన్ శిక్ష తగ్గించి విడిపించాడు. అన్నాళ్లూ కర్లీ బదులు కూర్చున్నది సిటీ క్లర్క్ జాన్ హైన్స్, నోట్లో నాలుక లేని మనిషి. తిరిగొచ్చిన కర్లీ మొదటిరోజు సాయంత్రానికల్లా, తాను లేని ఐదు నెలల్లో అయినదాని కన్నా ఈ ఒక్కరోజే ఎక్కువ పని చేశానని విలేకరులతో అన్నాడు. బదులు కూర్చునేవాడి మనసెలా ఉంటుందో అందరిలోకీ ఆయనకే తెలియాలి. తెలియలేదు. 1949 ఎన్నికల్లో ఆ క్లర్కే నిలబడి ఓడించాడు, ఈసారి తన పేరు మీదే.

కర్లీ 1958లో పోయాడు. ఫానుయల్ హాల్ దగ్గర ఊరివాళ్లు ఆయనకు కంచు విగ్రహాలు పెట్టారు, ఒకటి కాదు, రెండు. ఒక కర్లీ నిలబడి ఉంటాడు, ఇంకో కర్లీ బెంచీ మీద కూర్చుని పక్కన కాస్త చోటు వదిలి ఉంటాడు. వచ్చేపోయేవాళ్లు ఆ చోటులో కూర్చుని భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగుతారు. ఆ ఇద్దరిలో ఎవరి బదులు ఎవరొచ్చారో చూసేవాళ్లకు అంతుపట్టదు.