ఫ్లడ్ లైటు కింద నక్షత్ర దర్శనం

తండ్రీకొడుకుల అనుబంధం ఇప్పుడు ప్యాకేజీలో దొరుకుతోంది. పెద్దలకి 2,500, పదేళ్లలోపు పిల్లలకి 1,500, జీఎస్టీ అదనం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ఒక రాత్రి టెంటు, బార్బెక్యూ, తెల్లారి ఇడ్లీ, వీటన్నిటి మధ్యలో 'స్టార్ గేజింగ్ విత్ డాడ్'.

మా వాడికి ఏడేళ్లు. నక్షత్రాలు అనగానే వాడి కంటే ముందు నేనే పడిపోయాను. చిన్నప్పుడు చలికాలంలో కళ్లం కాపలాకి వెళ్లి గడ్డి మీద పడుకుంటే, మా నాన్న చుట్ట కాలుస్తూ అదిగో గొల్లకావిడి, అదిగో పిల్లలకోడి అని చుక్కల గుంపుల్ని చూపించేవాడు. కావిడి నడినెత్తికొచ్చింది, ఇంక పడుకోరా అనేవాడు. జీఎస్టీ వేసిన గుర్తు లేదు.

డిసెంబరు శనివారం, పన్నెండు మంది తండ్రులం పిల్లల్ని వేసుకుని మినీ బస్సులో కొందరం, సొంత కార్లలో కొందరు బయల్దేరాం. చేవెళ్ల దారిలో రెండు వైపులా ఊడలు దిగిన మర్రిచెట్లు. బస్సులో ఎవరూ తల ఎత్తలేదు, 'డియర్ డాడ్స్' వాట్సాప్ గ్రూపులో ప్రకృతి గురించి మెసేజీలు వస్తున్నాయి మరి.

ఇక అసలు ఘట్టం. రాత్రి తొమ్మిదిన్నర, ఆకాశంలో మబ్బు తునక లేదు. అప్పుడు నిర్వాహకుడు జనరేటర్ ఆన్ చేయించి, పెళ్లిళ్లలో వాడే ఫ్లడ్ లైటొకటి స్టాండు మీదకి ఎక్కించాడు. దేనికయ్యా అంటే రీల్‌కి. తండ్రి వేలు పైకెత్తాలి, కొడుకు ఆ వేలి వెంట చూసి నోరు తెరవాలి, ఇద్దరి మొహాల మీదా వెలుతురు పడాలి. జతకి ముప్పై సెకన్లు. లైను కట్టాం, రేషన్ షాపు దగ్గర కట్టినట్టు. మా ముందున్న పిల్లవాడు సరిగ్గా ఆశ్చర్యపోలేదని మూడుసార్లు తీశారు. "బాబూ, ఇంకొంచెం ఆశ్చర్యం కావాలి" అంటాడు కెమెరా కుర్రాడు. పైన ఏమీ కనబడకపోతే వాడు మాత్రం దేనికి ఆశ్చర్యపోతాడు?

మా వంతు వచ్చింది. సున్నం కొట్టిన గోడలా ఉంది ఆకాశం. అంచనా మీద తూర్పు వైపు వేలు పెట్టి "అదిగో గొల్లకావిడి" అన్నాను. మా వాడు కళ్లు చికిలించి చూసి, "నాన్నా, అవి ఎగురుతున్నాయి కదా" అన్నాడు. దీపం పురుగులు. ఆ ముప్పై సెకన్లూ ఇద్దరం భక్తిగా పురుగుల్ని చూశాం.

ఒక్క నిమిషం లైటు ఆపుతారా అని అడిగాను. ఆ నిర్వాహకుడు నా అజ్ఞానానికి నొచ్చుకుని, "లైటు ఆపితే మీరు కనబడరు సర్. నక్షత్రాలు ఎడిటింగ్‌లో వేస్తాం" అన్నాడు. వేశారు కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. మా రీల్‌లో పాలపుంత మొత్తం ఉంది, రెండు తోకచుక్కలు ఉచితం.

గాలి మంచిదని ఒకప్పుడు క్షయ రోగుల కోసం ఇదే అనంతగిరిలో ఆసుపత్రి పెట్టారు. మేము డీజిల్ పొగ పీల్చి దగ్గుకుంటూ టెంట్లలోకి దూరాం.

పది దాటాక పిల్లల చేతుల్లో ఫోన్లు పెట్టేసి డాడ్స్ ఒక్కొక్కరే కార్ల వెనక్కి చేరారు. డిక్కీ తెరిస్తే సిట్టింగ్ సిద్ధం. ప్యాకేజీలో ఇది రాయలేదు గానీ అందరూ వచ్చింది దీనికే అని అప్పటికి నాకర్థమైంది. మా పక్క టెంట్లో ఆరేళ్ల పిల్లాడు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. టెంటు జిప్పు సగం తీసి తల బయటపెట్టి, "అంకుల్, మా డాడీ ఎక్కడ?" అన్నాడు. పిలుచుకొస్తానని వెళ్తే ఆయన గ్లాసు దించకుండానే "ఫైవ్ మినిట్స్ బ్రో" అన్నాడు. ఆ ఐదు నిమిషాలు గంటన్నర అయ్యాయి. ఒరేయ్, వాడు రెండు వారాల నుంచి రోజులు లెక్కపెట్టుకుని వచ్చాడట, నాతో వాడే చెప్పాడు. తాగాలనుంటే ఊళ్లో బార్లు లేవా? ఆ పసివాణ్ణి ఇంట్లో వాళ్లమ్మ దగ్గరే ఉంచితే కథ చెప్పించుకుని హాయిగా పడుకునేవాడు కదా! చీకట్లో ప్రతి అడుగు చప్పుడుకీ తల ఎత్తి చూసి, నా వెనక్కి జరిగి, చివరికి మా వాడి దుప్పట్లోనే నిద్రపోయాడు. నాకు ఇప్పటికీ ఆ మనిషిని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పొద్దున ఇడ్లీ తిన్న ప్లేట్లూ గ్లాసులూ కొండ దిగువకి విసిరేశారు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. దాన్ని పాడు చేయడానికి హైదరాబాద్ దాకా రానివ్వడం ఎందుకు అనుకుని ఉంటారు. తర్వాత సర్టిఫికెట్లు ఇచ్చారు, నాకు 'సూపర్ డాడ్'. ఫైవ్ మినిట్స్ బ్రోకి కూడా అదే.

సోమవారం స్కూల్లో 'నా ప్రయాణం' బొమ్మ గీయమన్నారట. మా వాడు టెంటు గీశాడు, మమ్మల్ని ఇద్దర్నీ గీశాడు, పైన ఇంత పెద్ద గుండ్రటి పసుపు రంగు, దాని చుట్టూ చుక్కలు. టీచరమ్మ ఎర్ర సిరాతో కింద రాసింది, రాత్రిపూట సూర్యుడు ఉండడు అని. సంతకం పెట్టమని నా చేతికిచ్చాడు. "సూర్యుడు కాదని చెప్పాను నాన్నా, మేడం నమ్మలేదు" అన్నాడు.